తెలంగాణ ఈ-చలాను సేవ: వసూలు బాగుంది, లెక్క చెప్పడం మిగిలి ఉంది

తెలంగాణలో బండి ఉన్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు పని పడే ప్రభుత్వ సేవ ఈ-చలాను, అంటే ట్రాఫిక్ ఉల్లంఘనకు పోలీసులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో రాసే జరిమానా. రేషను కార్డు, పట్టాదారు పాసుబుక్కు, కుల ధ్రువీకరణ పత్రం వంటి వాటి గురించి మనం కావలసినంత మాట్లాడుకుంటాం. మీ సేవ కేంద్రంలో ఎంతసేపు నిలబడవలసి వచ్చిందో, ఏ కాగితం అడిగారో ఒకరికొకరు చెప్పుకుంటాం. జరిమానా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చర్చ ఆగిపోతుంది. తప్పు చేసినవాడికి సేవ ఎలా ఉందని అడిగే అర్హత ఎక్కడిదన్న సంకోచం అందుకు కారణం కావచ్చు. ఆ సంకోచం అవసరం లేదని నా అభిప్రాయం. ప్రతి చలానుతోపాటు యూజర్ చార్జీల పేరిట 35 రూపాయలు విడిగా తీసుకుంటున్నారంటే, ప్రభుత్వమే దాన్ని సేవగా లెక్కగడుతోందన్నమాట. అలాంటప్పుడు దాని మంచిచెడ్డలు రాయడం వాడుకరుల బాధ్యతే. చిన్న చిన్న తప్పులకు మనం కట్టే సొమ్ము ఎవరి చేతిలో పడుతుంది, ఆ తరువాత దేనికి ఖర్చవుతుంది అన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. అందుకే ఈ-చలానుతోపాటు నగరపాలక సంస్థ, గ్రామ పంచాయతీ విధించే జరిమానాలను కూడా దానితో పోల్చి పరిశీలించాను.

ముందుగా మెచ్చుకోవలసినది మెచ్చుకోవాలి. పోలీసు శాఖ ఈ-చలాను వెబ్‌సైటులో బండి నంబరు నమోదు చేస్తే ఆ బండి మీద ఉన్న పెండింగు చలాన్లన్నీ ఒక పట్టికగా వస్తాయి. ఏ కమిషనరేటు లేదా జిల్లా పరిధిలో రాశారు, చలాను నంబరు ఎంత, ఏ తేదీన, ఏ సమయానికి, ఏ చౌరస్తాలో, ఏ పోలీస్ స్టేషను పరిధిలో, ఏ ఉల్లంఘన కింద రాశారు, జరిమానా ఎంత, యూజర్ చార్జీలు ఎంత, మొత్తం ఎంత అన్న వివరాలు వరుసగా ఉంటాయి. చివరి గడిలో ఫొటో ఉంటుంది. నెట్ బ్యాంకింగు, ఫోన్‌పే, పేటీఎం వంటి మార్గాల్లో ఇంట్లో కూర్చునే కట్టవచ్చు. ఫోనులో చెల్లింపులు అలవాటు లేనివారు మీ సేవ కేంద్రానికి వెళ్లి కట్టవచ్చు. రోడ్డు పక్కన బండి ఆపించి, తాళం తీసుకుని, రసీదు పుస్తకం తెరవాలా వద్దా అన్న దగ్గర బేరసారాలు సాగిన కాలాన్ని చూసినవారికి ఈ మార్పు విలువ తెలుస్తుంది. కానిస్టేబుల్ చేతికి నోటు ఇవ్వవలసిన అవసరం లేకపోవడం ఇద్దరికీ గౌరవమే. ఎవరి బండి అయినా, ఎవరి మనిషి అయినా పట్టికలో ఒకే రేటు పడుతుంది. ప్రభుత్వ సేవల్లో ఇంత సమానత్వం అంత తరచుగా కనిపించదు.

ఫొటో గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ సేవ మొత్తంలో అత్యంత విలువైన అంశం అదే. కొడుకు నడిపిన బండికి తండ్రి పేరున చలాను వచ్చినప్పుడు, హెల్మెట్ లేదన్న సంగతి, వెనుక ఇద్దరు కూర్చున్న సంగతి, నంబరు ప్లేటు వంచిన సంగతి ఆ ఫొటోలో కనిపిస్తే ఇంట్లో వాదనకు తావుండదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ నిబంధన కూడా ఆధారానికే పెద్దపీట వేసింది. ఎలక్ట్రానిక్ పరికరాలతో నమోదు చేసిన ఉల్లంఘనకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలని, చలాను పరిష్కారమయ్యే దాకా ఆ రికార్డును భద్రపరచాలని, పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలని, నిఘా ఉన్న చోట హెచ్చరిక బోర్డులు పెట్టాలని అందులో ఉంది. ఫొటోలో ఉన్న బండి మనది కాకపోతే, ఒక అంకె తప్పుగా చదివి మన నంబరుకు రాసి ఉంటే, ఫిర్యాదు చేయడానికి వెబ్‌సైటులో ఏర్పాటు ఉంది. అయితే డబ్బు కట్టే దారి ఎంత స్పష్టంగా కంటికి కనిపిస్తుందో, ఆ చలానుతో నేను ఏకీభవించను అని చెప్పే దారి అంత స్పష్టంగా కనిపించదు. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను ప్రకారం ఇక్కడ మనం కట్టేది రాజీ రుసుము. నేరం ఒప్పుకుని, కోర్టుకు వెళ్లకుండా ముగించుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. ఒప్పుకోనివారికి మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే హక్కు ఉంటుందన్న విషయం చెల్లింపు బొత్తాము పక్కనే, అదే సైజు అక్షరాల్లో, తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలని కోరుకుంటున్నాను. మద్యం తాగి నడిపిన కేసులు ఎలాగూ కోర్టుకే వెళ్తాయి, వాటి సంగతి ఈ సమీక్షలోకి రాదు.

ఇక 35 రూపాయల సంగతి. 100 రూపాయల చలానుకు 135 కట్టడం, 1,000 రూపాయల చలానుకు 1,035 కట్టడం తెలంగాణ వాహనదారులకు కంఠతా వచ్చిన లెక్క. పెద్ద జరిమానా మీద ఈ మొత్తం పట్టించుకోదగ్గది కాదు. చిన్న జరిమానా మీద మాత్రం మూడో వంతు దాటుతుంది. సేవ నిర్వహణకు ఖర్చవుతుందన్న మాట నిజమే, ఆ ఖర్చు ఉల్లంఘన చేసినవారే భరించాలన్న వాదనలోనూ న్యాయం ఉంది. నాకున్న అభ్యంతరం ఆ 35లో ఎంత భాగం సర్వర్లకు, ఎంత భాగం చెల్లింపు సంస్థలకు, ఎంత భాగం నోటీసుల ముద్రణకు, తపాలాకు పోతుందో చలాను మీద లేకపోవడం గురించి మాత్రమే. బ్రిటిషు పాలనలో ఉన్న తెలుగు పల్లెల్లో బందెలదొడ్డి నడిచిన రోజుల్లో ఈ విషయం మీద ఎక్కువ స్పష్టత ఉండేది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం పరాయి చేలో పడిన ఎడ్లనో గేదెలనో దొడ్డికి తోలితే, యజమాని వాటిని విడిపించుకోవడానికి జరిమానా వేరుగా, మేతకూ నీళ్లకూ అయిన ఖర్చు వేరుగా కట్టేవాడు. మేత ఖర్చు దొడ్డి కాపలాదారుకు చేరేది, జరిమానా పైకి వెళ్లేది. యజమాని రాని పశువులను వేలం వేసినా, మిగిలిన సొమ్మును వెంటనే జమ కట్టుకోకుండా మూడు నెలలపాటు యజమాని కోసం అట్టిపెట్టాలని చట్టం చెప్పింది. నూటయాభై ఏళ్ల కిందటి వలస ప్రభుత్వ చట్టం నుంచి నేర్చుకోవలసింది ఏముంటుందని అనిపించవచ్చు గానీ, ఏ పైసా దేనికో విడదీసి చెప్పడంలో అది ఇప్పటి చలానుకన్నా మెరుగ్గా ఉంది. ఆ ఆచారం పూర్తిగా పోలేదు కూడా. 2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో హరితహారం మొక్కలు మేసిన రెండు మేకలను పోలీస్ స్టేషనుకు తీసుకువెళ్లినప్పుడు, వాటి యజమాని వెయ్యి రూపాయల జరిమానా కట్టి విడిపించుకున్నాడు.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది రాయితీల పద్ధతి. 2022 మార్చి 1 నుంచి నెల రోజులపాటు, ఆ తరువాత పొడిగించి ఏప్రిల్ 15 దాకా, పెండింగు చలాన్ల మీద భారీ తగ్గింపు ఇచ్చారు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలవారు పాతిక శాతం కడితే చాలన్నారు, కార్లు, లారీలు సగం కట్టాలన్నారు, ఆర్టీసీ బస్సులకు 70 శాతం, తోపుడు బండ్లకు 80 శాతం మాఫీ చేశారు, కరోనా కాలంలో మాస్కు లేనందుకు వేసిన 1,000 రూపాయల జరిమానాను 100 రూపాయలకు కుదించారు. దాదాపు 300 కోట్ల రూపాయలు వసూలయ్యాయి. రెండేళ్లు తిరగకముందే 2023 డిసెంబరు 26న మళ్లీ రాయితీ ప్రకటించి, గడువును రెండుసార్లు పెంచి 2024 ఫిబ్రవరి 15 దాకా కొనసాగించారు. ఈసారి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 80 శాతం, కార్లకూ భారీ వాహనాలకూ 60 శాతం, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ 90 శాతం మాఫీ.

ఇందులో ఒక మంచి ఆలోచన ఉందని ఒప్పుకోవాలి. తోపుడు బండివాడికీ కారు యజమానికీ వెయ్యి రూపాయలు ఒకే బరువు కాదన్న గుర్తింపు ఆ శాతాల్లో ఉంది. కాయగూరలు అమ్ముకునే మనిషి రోజు సంపాదన అంతా పోసినా తీరని చలాను అతణ్ణి మార్చదు, అప్పులోకి నెడుతుంది. ఆర్టీసీ విషయంలోనూ అంతే. ప్రభుత్వ సంస్థ ప్రభుత్వానికే కట్టే జరిమానా ఒక ఖాతాలోంచి తీసి మరో ఖాతాలో వేయడమే అవుతుంది. కానీ ఆ న్యాయం మొదటే, చలాను రాసేటప్పుడే, రేటులో ఉండాలి. ఏళ్ల తరబడి పేరబెట్టి, ఒక నెల తలుపులు తెరిచి, అందరికీ మాఫీ చేస్తే జరిగేది ఒక్కటే: ఫోనుకు సందేశం వచ్చిన రోజునే 1,035 కట్టిన మనిషి, కట్టకుండా ఊరుకున్న పొరుగువాడు 200 రూపాయల చిల్లరతో బయటపడటం చూస్తాడు. ఆ తరువాత వచ్చే చలానును అతడు మాత్రం ఎందుకు వెంటనే కడతాడు? బకాయిలు పెరిగాయి కాబట్టి రాయితీ ఇచ్చామన్నది ప్రభుత్వ వాదన అయితే, రాయితీ వస్తుందన్న ఆశతోనే బకాయిలు పెరుగుతున్నాయన్నది వీధిలో వినిపించే వాస్తవం. హైదరాబాద్ పోలీసులు 2022 నవంబరులో ఎదురు దిశలో బండి నడిపితే 1,700 రూపాయలు, ముగ్గురు ఎక్కితే 1,200 రూపాయలు అని కఠినంగా మొదలుపెట్టిన ఉద్దేశం మంచిదే. ఎదురు దిశలో వచ్చే బండి ఎన్ని ప్రాణాలు తీస్తుందో ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారుల్లో తిరిగేవారికి తెలుసు. ఏడాది గడిచేసరికి 80 శాతం మాఫీ ప్రకటన వచ్చి ఆ కాఠిన్యాన్ని నీరుగార్చింది. తొందరగా కట్టినవారికి, ఉదాహరణకు పదిహేను రోజుల్లో కడితే, కొంత తగ్గింపు ఇచ్చి, ఆలస్యానికి తగ్గింపు అన్నదే లేకుండా చేస్తే ఈ సేవ మీద గౌరవం పెరుగుతుంది.

రాయితీ రోజులు మోసగాళ్లకు కూడా పండగ అయ్యాయన్నది మరో నష్టం. 2023 చివరి విడతలో అసలు వెబ్‌సైటును పోలిన నకిలీ సైటు గురించి పోలీసులే హెచ్చరించవలసి వచ్చింది. ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్టీఓ చలాను అని ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపి, నొక్కినవారి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు తిరుగుతున్నాయి. చలాను అంటే భయపడే పెద్దవాళ్లే వాటికి ఎక్కువగా చిక్కుతున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మనం కట్టిన సొమ్ము ఎక్కడికి వెళ్తుంది? ట్రాఫిక్ జరిమానాలు రాజ్యాంగం 266వ అధికరణం కింద రాష్ట్ర సంచిత నిధికి చేరవలసిన ఆదాయం. అక్కడికి చేరాక అది మద్యం పన్నుతో, రిజిస్ట్రేషను రుసుములతో కలిసిపోతుంది, శాసనసభ ఆమోదించిన బడ్జెటు ప్రకారం జీతాలకూ వడ్డీలకూ పింఛన్లకూ ఖర్చవుతుంది. ఇది చట్టబద్ధమే, తప్పు కాదు. కానీ ఉప్పల్ చౌరస్తాలో రాసిన చలాను సొమ్ముతో ఉప్పల్ చౌరస్తాలో పాదచారుల గీతలు మళ్లీ వేశారా, పనిచేయని సిగ్నలు బాగుచేశారా అన్నది ఆ పద్ధతిలో ఎవరూ చెప్పలేరు. నేను చూసినంతవరకు ఈ-చలాను వెబ్‌సైటులో చలాను చరిత్ర ఉంటుంది గానీ సొమ్ము చరిత్ర ఉండదు. కట్టిన తరువాత వచ్చే రసీదులో లావాదేవీ నంబరు ఉంటుంది, ఖర్చు మాట ఉండదు.

ఇలా లెక్క బయట పెట్టకపోవడం ఎంత ప్రమాదమో పొరుగు రాష్ట్రం అనుభవం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-చలాన్ల రూపంలో జనం కట్టిన సొమ్ములో 36 కోట్లకు పైగా, సాఫ్ట్‌వేరు నిర్వహించిన ప్రైవేటు సంస్థ ద్వారా దారిమళ్లిందని 2023లో అక్కడి పోలీసులే వెల్లడించారు. కట్టినవారి ఫోనులో చెల్లింపు పూర్తయినట్టే కనిపించింది, చలాను తీరిపోయినట్టే చూపించింది, డబ్బు మాత్రం ఖజానాకు చేరలేదు. ఏ జిల్లాలో ఎన్ని చలాన్లు తీరాయి, ఖజానాకు ఎంత జమయింది అన్న రెండు అంకెలు నెలనెలా పక్కపక్కన ప్రచురించి ఉంటే, ఆ తేడా ఎవరో ఒక పౌరుడికి మొదటి నెలలోనే కనిపించేది. అదే రాష్ట్రం 2025 మార్చి 1 నుంచి హెల్మెట్ లేని ప్రయాణానికి జరిమానాను 1,000 రూపాయలకు పెంచి అమలు చేస్తోంది. తెలంగాణ మాత్రం 2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి పెంచిన రేట్లను వెంటనే తీసుకోకుండా పాత రేట్లతోనే సాగింది. రేటు ఎంత ఉండాలన్న చర్చ పత్రికల్లో బాగానే జరిగింది. వసూలైనది ఏమవ్వాలన్న చర్చ అందులో పదో వంతు కూడా జరగలేదు.

జరిమానాను ఒక పనికి ముడిపెట్టడం మన దేశంలో కొత్తేమీ కాదు. కేరళ 2007లో చేసిన రోడ్డు భద్రత చట్టం ప్రకారం ట్రాఫిక్ రాజీ రుసుముల వసూళ్లలో సగం రోడ్డు భద్రత నిధికి వెళ్లాలి. అంతదాకా ఎందుకు, కేంద్ర మోటారు వాహనాల చట్టంలోనే 2019లో చేర్చిన 198ఏ సెక్షను ఉంది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణనష్టానికి కారణమైన కాంట్రాక్టరుకో బాధ్యుడైన అధికారికో లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని, ఆ సొమ్ము మోటారు వాహనాల ప్రమాద నిధికి వెళ్లాలని అది నిర్దేశిస్తుంది. కాంట్రాక్టరు కట్టే లక్షకు చిరునామా ఉన్నప్పుడు డెలివరీ కుర్రవాడు కట్టే వెయ్యికి కూడా ఒక చిరునామా ఉండవచ్చు.

స్థానిక సంస్థల దగ్గరికి వస్తే పరిస్థితి కొంత భిన్నంగా ఉంటుంది. రోడ్డు మీద చెత్త పోసినందుకు, అనుమతి లేని ఫ్లెక్సీ కట్టినందుకు, భవన నిర్మాణ వ్యర్థాలు నాలాలో వేసినందుకు జీహెచ్‌ఎంసీ వేసే జరిమానా కార్పొరేషను నిధికే చేరుతుంది. అంటే తప్పు వల్ల నష్టపోయిన వీధిని బాగుచేయవలసిన సంస్థే ఆ డబ్బు అందుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు కటౌటు అనుమతి లేకుండా పెట్టినందుకు ఒక రాష్ట్ర మంత్రికే 5,000 రూపాయలు వేసినప్పుడు, మొత్తం చిన్నదైనా నగరంలో చాలామందికి ఆ సంస్థ మీద నమ్మకం కలిగింది. ఆ నమ్మకం నిలవాలంటే అటువంటి జరిమానా ఏడాదికొకసారి వార్త కాకుండా, ప్రతి పండక్కీ ప్రతి పార్టీకీ వర్తించే మామూలు పని కావాలి. సినిమా పోస్టరుకు పడిన వేగంతో రాజకీయ ఫ్లెక్సీకి పడని చోట జనం అది గమనించకుండా ఉండరు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది గ్రామ పంచాయతీల మీద. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రోడ్డు మీద చెత్త వేస్తే 500 రూపాయలు, మురుగునీరు దారి మీదికి వదిలితే 5,000 రూపాయలు జరిమానా అని పెట్టింది. పంచాయతీ విధించే జరిమానా పంచాయతీ నిధికి చేరుతుంది. సర్పంచి, ఉప సర్పంచి ఇద్దరి సంతకాలు ఉంటే గాని చెక్కు చెల్లదని ఆ చట్టం పెట్టింది. రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, అక్కడ జమాఖర్చులు చదవాలి. పంచాయతీ ఆదాయ వ్యయాలు 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడవచ్చు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు ఊహించడం కష్టం. తప్పు చేసినవాడు, తప్పు వల్ల ఇబ్బంది పడినవాడు, జరిమానా వేసినవాడు, ఆ డబ్బుతో వేసిన మురికి కాలువ, అన్నీ ఒకే ఊళ్లో కంటి ముందు ఉంటాయి.

ఆచరణలో రెండు చిక్కులున్నాయి. మొదటిది ఓట్ల భయం. వచ్చే ఎన్నికల్లో ఇంటింటికీ తిరగవలసిన సర్పంచి తన వాడకట్టులోని మనిషికి 5,000 రూపాయల నోటీసు ఇవ్వడానికి వెనకాడతాడు, పంచాయతీ కార్యదర్శి ఇస్తే ఆపమని చెబుతాడు. వేయక తప్పనప్పుడు అండ లేని ఇంటికి వేస్తాడు. రెండవది పాలకవర్గాలే లేని కాలం. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది, 2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలు జరిగే దాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఒక్కో అధికారికి తన శాఖ పనితోపాటు పంచాయతీల భారం పడినప్పుడు జరిమానా వేసేదెవరు, గ్రామసభలో లెక్క అడిగేదెవరు? ఇప్పుడు కొత్త సర్పంచులు కుర్చీల్లో కూర్చున్నారు కాబట్టి ఈ అధికారాన్ని మొదటి ఏడాదిలోనే, ఎన్నికల వేడి తగ్గి ఉన్నప్పుడే, అందరికీ ఒకే తీరుగా వాడటం మొదలుపెట్టాలి. వసూలైనది 2,000 రూపాయలే అయినా ఆ డబ్బుతో కొన్న చెత్త బుట్టల సంఖ్యను పంచాయతీ గోడ మీద సున్నంతో రాయిస్తే, తరువాతి జరిమానాకు ఎదురు చెప్పేవారు తగ్గుతారు.

చట్టం బయట నడిచే మరో ఏర్పాటు గురించి చెప్పకుండా ఈ పోలిక పూర్తి కాదు. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు అనేక ఊళ్లలో పంచాయతీకన్నా బలమైనవి. బెల్టు దుకాణాల వేలం నుంచి, కట్టుబాటు తప్పినవారి మీద వేసే జరిమానాల నుంచి వాటికి డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో గుడి కట్టారు, బడికి గది వేశారు, దారి బాగుచేశారు అని ఊరివారు చూపిస్తారు, అందులో చాలావరకు నిజం ఉంది. ఖర్చు కళ్లకు కనిపించడంలో ఏ ప్రభుత్వ సేవా వాటికి సాటి రాదు. కానీ అక్కడ ఆధారం అడిగే వీలు లేదు, అప్పీలు లేదు, కట్టనని అన్న కుటుంబానికి కిరాణా సరుకు ఇవ్వకూడదని, కూలికి పిలవకూడదని, మాట్లాడితే వారికీ జరిమానా అని తీర్మానాలు జరుగుతాయి. సాంఘిక బహిష్కరణ మీద పోలీసు కేసులు నమోదైన ఊళ్లు ఆ జిల్లాల్లో ఉన్నాయి. సరిహద్దుకు అవతల మహారాష్ట్ర శాసనసభ 2016లోనే సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటిస్తూ చట్టం ఆమోదించింది. గది కట్టినంత మాత్రాన ఆ వసూలుకు న్యాయం రాదు. సొమ్ము వాడకం బాగుందన్న ఒక్క కారణంతో ఈ పద్ధతిని మెచ్చుకునేవారితో నేను ఏకీభవించలేను.

ఈ-చలానుకు అంకెల్లో మార్కులు ఇవ్వాలంటే, చెల్లింపు సౌకర్యానికి అయిదింటికి నాలుగున్నర ఇస్తాను. ఆధారం చూపించడానికి నాలుగు, అభ్యంతరం చెప్పుకునే దారికి రెండు, రేటులో నిలకడకు ఒకటిన్నర, సొమ్ము లెక్కకు ఒకటి. కమిషనరేటు వారీగా నెలనెలా రాసిన చలాన్లు, తీరిన చలాన్లు, రద్దయిన చలాన్లు, ఖజానాకు జమయిన మొత్తం అన్న నాలుగు అంకెలు అదే వెబ్‌సైటు మొదటి పేజీలో పెట్టినా చాలు, చివరి మార్కును మూడుకు పెంచడానికి నాకు అభ్యంతరం ఉండదు. ఈ అంకెలన్నీ ఇప్పటికే ఆ వ్యవస్థలో ఉండి తీరాలి, అవి లేకుండా పట్టికే తయారు కాదు. కొత్త యంత్రం కొనవలసిన పని లేదు, ఎవరికీ అదనపు ఖర్చు లేదు.

సేవను వాడేవారికి కొన్ని సూచనలు. చలాను ఉందో లేదో ఎవరో పంపిన లింకు ద్వారా చూడకండి. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉన్న పోలీసు శాఖ సైటును మీరే తెరిచి చూడండి, ఏపీకే ఫైలు ఎవరు పంపినా నొక్కకండి. కట్టే ముందు ఫొటో తెరిచి బండి రంగు, కంపెనీ, నంబరు ప్లేటులోని ప్రతి అక్షరం మీ బండివేనా అని సరిచూడండి. తేడా ఉంటే డబ్బు కట్టకముందే ఫిర్యాదు పంపండి. కట్టిన తరువాత లావాదేవీ నంబరు ఉన్న రసీదును దాచుకుని, కొన్ని రోజులకు పెండింగు పట్టికలోంచి ఆ చలాను పోయిందో లేదో మళ్లీ చూడండి. మీ బండిని ఇంకొకరికి అమ్మితే యాజమాన్య బదిలీ పూర్తయ్యే దాకా చలాన్లు మీ పేరునే వస్తాయని గుర్తుంచుకోండి. పాత బండి కొనేవారు బయానా ఇవ్వకముందే దాని నంబరు మీద ఉన్న బకాయిలు చూసుకోవాలి, వాటిని అమ్మేవారిచేత కట్టించాలి, లేదా ఆ మొత్తాన్ని ధరలో తగ్గించుకోవాలి.